ముఖం తిన్నగా కనబడాల

నాకు ముక్కు మీద కోపం. మా పేటలో ఈ సంగతి తెలియని వాళ్ళు లేరు. పెళ్ళి కుదిరిన రోజునే మా ఆయనకి కూడా చెప్పేశాను, తర్వాత మోసం చేశావనకుండా. ఆయన నవ్వి ఊరుకున్నాడు. పద్మనాభం అనే ఊరి వైపు వరి పండించుకునే కుటుంబం వాళ్ళది, నెమ్మదస్తులు. నేను ఫిషింగ్ హార్బర్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో పుట్టి పెరిగిన దాన్ని. మా నాన్న సరంగు, అంటే బోటు నడిపే పెద్ద. మరో ఏడెనిమిది మందిని వెంటేసుకుని వేటకెళ్ళాడంటే రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు ఒడ్డు మొహం చూడడు. నేనూ మా ఆయనా మధురవాడలో ఒకే ఆఫీసులో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళం. పరిచయం అక్కడే.

మా పేటలో పెళ్ళిళ్ళన్నీ ఎండాకాలంలోనే జరుగుతాయి. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలు వేట నిషేధం కాబట్టి మగవాళ్ళంతా ఇంటి దగ్గరుంటారు. మిగతా నెలల్లో ముహూర్తం పెడితే పెళ్ళికూతురి తండ్రే సముద్రం మీద ఉండొచ్చు. అందుకని ఆ రెండు నెలల్లో మా వీధిలో వేసిన షామియానా విప్పరు, ఒక గుమ్మం ముందు నుంచి ఇంకో గుమ్మం ముందుకి జరుపుతారంతే. నా పెళ్ళికీ అలాగే, నిషేధం ముగియడానికి పది రోజుల ముందు ముహూర్తం పెట్టారు.

వంటలు, బట్టలు, పిలుపులు అన్నీ అమ్మకే వదిలేశాను. ఫోటోల సంగతి మాత్రం నాది అన్నాను. ఆఫీసులో స్నేహితురాళ్ళ పెళ్ళి ఫోటోలు చూసి చూసి నాకు అప్పటికే వాటి మీద మనసు పడిపోయింది. క్యాండిడ్ అంటారు వాటిని. వాటిలో ఒక్కరు కూడా కెమెరా వైపు చూడరు. పెళ్ళికూతురు గోరింటాకు ఆరబెట్టుకుంటూ ఎటో చూస్తుంటుంది, ఎవరో పిన్ని పూలు గుచ్చుతూ నవ్వుతుంటుంది, తలంబ్రాలు గాల్లో ఉంటాయి. ఎంత బాగుంటాయో! మా పేట పెళ్ళి ఫోటోలు వాటి పక్కన పెడితే నవ్వొచ్చేది. స్టేజి మీద వధూవరులు, వాళ్ళకి అటు నలుగురు, ఇటు నలుగురు, అందరూ చేతులు కిందికి వేలాడేసి, కళ్ళు పెద్దవి చేసి, ఒక్క పన్ను కూడా కనపడకుండా నిలబడడం. వాళ్ళు దిగగానే ఇంకో ఎనిమిది మంది. పట్టుచీర కట్టిన పాస్‌పోర్టు ఫోటోలు అని వెక్కిరించేదాన్ని.

మధురవాడలోనే ఒక అమ్మాయి దొరికింది, నా ఈడుదే. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీస్తుంది. మొదటి రోజే ఒక మాట చెప్పింది: నేను ఎవరినీ నిలబెట్టను, ఇటు చూడండి అని ఒక్కసారి కూడా అనను, మీ వాళ్ళకి నేనున్నట్టే తెలియదు. ఆ మాటకి నేను పడిపోయాను. అక్కడికక్కడే ఖాయం చేసుకుని బస్సెక్కాను.

వీధిలోకి వచ్చేసరికి సాయంత్రం అవుతోంది. మగవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగు చేసుకుంటున్నారు, ఆడవాళ్ళు గుమ్మాల్లో ఉన్నారు. నేను ఊరుకోవచ్చు కదా. వరమిచ్చే దేవతలాగా నిలబడి అందరికీ చెప్పాను. నా పెళ్ళిలో ఎవరూ స్టేజి ఎక్కి వరసలో నిలబడక్కర్లేదు, ఎవరినీ కెమెరా వైపు చూడమనరు, హాయిగా తిని వెళ్ళిపోండి అన్నాను. వలల మీద చేతులు ఆగిపోయాయి. ఒక తాతయ్య మరి మా ఫోటోలు తియ్యరా అని అడిగాడు. తీస్తారు, నీకు తెలియకుండానే తీసేస్తారు అన్నాను. ఆయన ఒళ్ళో వల పక్కన పెట్టి, “తెలీకండా తీత్తే ముఖం తిన్నగా ఎలగొత్తాది తల్లీ?” అన్నాడు. నేను నవ్వేశాను. ఇంకెవరూ నవ్వలేదు.

అమ్మ ఆ రాత్రి ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. మా అమ్మ తిడితే భయం లేదు, తిట్టకపోతేనే భయం. కంచం పెట్టేటప్పుడు చప్పుడు వస్తోందంటే లోపల ఏదో ఉడుకుతోందని అర్థం. మూడో రోజుకి బయటపడింది. ఆ అమ్మాయి వద్దు, మన పేటలో ఎప్పుడూ తీసే అతన్నే పిలవమంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పెళ్ళి నాదా, పేటదా అని అరిచాను. “పెళ్ళి నీదే. ఫోటోలు మాత్రం అందరియ్యీ,” అంది అమ్మ. ఆ మాటకి అర్థమే లేదనిపించింది నాకు. రెండు రోజులు మాట్లాడుకోలేదు. నాన్న మా ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా పడి, తిండి తినడం ఆలస్యం హార్బర్‌కి పారిపోయేవాడు.

అలా ఒక మధ్యాహ్నం నాన్న లేనప్పుడు అమ్మ నన్ను పిలిచింది. మంచం కింద నుంచి రేకు పెట్టె లాగి, అడుగున చీరలో చుట్టిన ఆల్బం తీసింది. వాళ్ళ పెళ్ళి ఆల్బం. దాన్ని నేను అంతవరకూ చూడలేదు. చిన్నప్పుడు అడిగితే చెదలు తినేశాయని చెప్పింది. ఇప్పుడు నా ఒళ్ళో పెట్టి తెరవమంది.

మొదటి పేజీ తిప్పగానే నాకు అర్థం కాలేదు. స్టేజి మీద కుర్రతనంలో అమ్మ, పక్కన సన్నగా నాన్న. నాన్నకి ఇటు వైపు ఒక మనిషి భుజాలున్నాయి, చొక్కా ఉంది, తల లేదు. తల ఉండాల్సిన చోట చక్కగా స్కేలు పెట్టి కోసినట్టు నలుచదరపు కన్నం. అందులోంచి వెనక పేజీ కనపడుతోంది. ఆ పేజీ తిప్పితే అక్కడ ఇంకొకటి. ఆ తర్వాత పేజీలో రెండు. ఆల్బం అంతా చూసేసరికి అలాంటివి పదకొండు. ఎవరు చేశారీ పని అన్నాను. “నానే కోసాను,” అంది అమ్మ.

ఒక్కొక్క కన్నం మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. వీడు వెనక వీధి తాత రెండో కొడుకు, తుఫాను రోజున. ఈయన నాన్న మొదటి బోటులో వంట చేసేవాడు, పొద్దున్న లేచి చూస్తే బోటులో లేడు. ఈ ఇద్దరూ అన్నదమ్ములు, ఒకే రోజు. వీళ్ళెవరూ దొరకలేదు. మనిషి దొరక్కపోతే ఫోటోనే ఎదురుగా పెట్టుకుని పెద్ద దినం కర్మ చేస్తారు. కానీ వేటకెళ్ళే మగాడు స్టూడియోకి వెళ్ళి ఫోటో ఎప్పుడు తీయించుకుంటాడు? ఎవరి పెళ్ళిలోనో స్టేజి ఎక్కి నిలబడ్డప్పుడు తీసిందే ఉంటుంది. అందుకని ఎవరింట్లో మనిషి పోయినా, ఆ మనిషి ఎవరి పెళ్ళికి వెళ్ళాడో గుర్తు చేసుకుంటారు. “ఆళ్ళొచ్చి అడిగీదాకా ఉండకూడదు. ఎవులి దగ్గరుందో ఆళ్ళే అట్టుకెళ్ళి ఇచ్చీయాల,” అంది. మొదట్లో ఆల్బం పట్టుకెళ్ళి కాపీ తీయించి తెచ్చేవారట. కాపీ వచ్చాక కూడా ఆ ఇంటి ఆడవాళ్ళ చూపులు ఆల్బం మీదే ఉండేవట. ఆ మనిషి ఎదురుగా నిలబడి ఉండగా తీసింది అదే కదా. అది చూడలేక అమ్మే కత్తెర పట్టుకుంది.

ఇరవై ఏడేళ్ళు ఆ వీధిలో తిరిగాను. ప్రతి ఇంట్లోనూ గోడ మీద దండ వేసిన ముఖాలు చూశాను. ఆ ముఖాలు ఎక్కడివని ఒక్కనాడు కూడా అనుకోలేదు. ఒకరి పెళ్ళిలోంచి ఒకరు తీసి ఇచ్చుకున్న ముఖాలు అవన్నీ. వేలాడేసిన ఆ చేతులు, పెద్దవి చేసిన ఆ కళ్ళు చూసి నేను వెక్కిరించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

అయినా నోరు ఊరుకోదు కదా. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి కదమ్మా అన్నాను. ఫోను మనిషితో పాటే పోతుంది అంది. పోనీ ఆధార్ కార్డు మీద ఉంటుంది కదా అన్నాను. అమ్మ లేచి వెళ్ళి నాన్న ఆధార్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో నాన్న ఎవరి గొలుసో తెంపుకుని పారిపోతూ దొరికినవాడిలా ఉన్నాడు. ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి అమ్మ కళ్ళు తుడుచుకుంది. అవి ఒట్టి నవ్వు నీళ్ళు కావు.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. అమ్మ అక్క, అంటే మా పెద్దమ్మ, మాకు రెండిళ్ళ అవతల ఉంటుంది. పెదనాన్న సముద్రంలో పోయేసరికి నలభై దాటాయి. వెతికితే ఆయన ముఖం తిన్నగా ఉన్న ఫోటో వాళ్ళ సొంత పెళ్ళిదే దొరికింది. అందులో ఆయనకి ఇరవయ్యేళ్ళు. పెద్దమ్మకి ఇప్పుడు అరవై దాటాయి. గోడ మీద మొగుడు మాత్రం మీసాలు సరిగా రాని కుర్రాడు. గ్యాసు బండ తెచ్చినవాడు ఒకసారి ఆ ఫోటో చూసి మీ మనవడా అమ్మా అని అడిగాడట. “మీ నాన్నది కూడా నా దగ్గర మా పెళ్ళినాటిదే ఉంది. నాను కాపరం సేసింది ఆ కుర్రోడితోటి కాదే, ఈ ముసిలోడితోటి. నాకు ఈ ముసిలోడు కావాల,” అంది అమ్మ.

నాన్న మాత్రం ఫోటో అంటే దొరకడు. ఏ పెళ్ళికెళ్ళినా స్టేజి ఎక్కే వేళకి మాయం. అది దేనికి తీస్తారో ఆయనకి బాగా తెలుసు, అందుకే పారిపోతాడు. గోడెక్కడానికి నేనింకా రెడీగా లేను అని నవ్వేస్తాడు. కానీ సొంత కూతురి పెళ్ళిలో స్టేజి ఎక్కకుండా ఎక్కడికి పోతాడు? ఆ ఒక్క రోజు కోసం అమ్మ ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూస్తోంది. నేనేమో వెళ్ళి, ఎవరినీ నిలబెట్టని ఫోటోగ్రాఫర్‌ని తెచ్చాను.

మర్నాడే మధురవాడ వెళ్ళి ఆ అమ్మాయికి అంతా చెప్పాను. కాదంటుందనుకున్నాను, అడ్వాన్సు వదులుకోవడానికి కూడా సిద్ధపడే వెళ్ళాను. ఆమె అంతా విని కెమెరా బల్ల మీద పెట్టింది. తర్వాత, మనిషి చూడనప్పుడు తీయడం తేలికండీ, నా కళ్ళలోకి చూస్తుంటే తీయడమే నాకు భయం అంది. ముహూర్తం వరకు తన పద్ధతిలో తీస్తానని, మధ్యాహ్నం స్టేజి దగ్గర మా పద్ధతిలో తీస్తానని ఒప్పుకుంది.

పెళ్ళి పొద్దున పదింటికి అయిపోయింది. కాళ్ళు కడిగేటప్పుడు, కన్యాదానం ఇచ్చేటప్పుడు నాన్న తల వంచుకునే ఉన్నాడు. ఆ అమ్మాయి ఎటునుంచి ఎటు వెళ్ళి తీసిందో నాకు తెలియనే లేదు. భోజనాలు మొదలయ్యాక మమ్మల్ని స్టేజి మీదికి తెచ్చారు. వెనక తెల్ల గుడ్డ కట్టారు, రెండు లైట్లు పెట్టారు. వీధంతా కదిలి వచ్చింది.

ఆ మనుషుల్ని నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. లుంగీల్లో, ఐసు గడ్డలు మోస్తూ, సరుకు వేలంలో గొంతులు పోయేలా అరుస్తూ. ఆ రోజు ఒక్కొక్కరూ నున్నగా గడ్డం గీసుకుని, తలకి నూనె రాసుకుని, అంత ఎండలో చొక్కా పైబొత్తాం కూడా పెట్టుకుని వచ్చారు. మెట్లెక్కే ముందు ఆగి ముఖం తుడుచుకున్నారు. ఎక్కాక మా పక్కన నిలబడి తిన్నగా చూశారు. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ తోసుకోలేదు. గుళ్ళో కూడా అంత క్రమంగా నిలబడగా చూడలేదు నేను. మా అత్తగారికి ఇది కొత్త. వీళ్ళేమిటి, ఒక్కరూ నవ్వరు అని నా చెవిలో అడిగింది.

చాలామంది అయ్యాక, నాన్న బోటులో పనిచేసే ఒక పెద్దాయన రెండోసారి మెట్లెక్కాడు. మా ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “బాబూ, ఒక్క నిమిసం అలగ పక్కకి తప్పుకుంటావా? నన్నొక్కడినే తీత్తారు,” అన్నాడు. పెళ్ళికొడుకుని పెళ్ళి స్టేజి దిగమనడం ఎక్కడైనా ఉందా? మా ఆయనకి అప్పటికి ఈ కథంతా తెలియదు. ఎందుకని కూడా అడగలేదు. దండ సర్దుకుని దిగి, నాకు చెయ్యి అందించాడు. ఆ క్షణంలో నేను ఎవరిని చేసుకున్నానో నాకు తెలిసింది.

ఆ పెద్దాయన వెనక ఇంకొకరు ఎక్కారు, ఒంటరిగానే. ఆ తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే మళ్ళీ పెద్ద వరస తయారైంది. మేమిద్దరం బాసికాలతో, దండలతో మెట్ల పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాం. మా ఆయన చెవిలో సంగతి చెప్పాను. ఆయన వెళ్ళి వాళ్ళమ్మకి చెప్పాడు. పెళ్ళివారిని దించేశారని అప్పటిదాకా ముఖం ముడుచుకున్న ఆవిడ, లేచి వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఎక్కబోయే ప్రతి మనిషికీ చొక్కా కాలరు సరిచేసి పంపడం మొదలుపెట్టింది.

ఒక్కొక్క మనిషీ ఆ తెల్ల గుడ్డ ముందు ఒంటరిగా నిలబడి కెమెరాలోకి చూస్తుంటే నేను మనసులో రోజులు లెక్కపెట్టాను. ఇంకో పది రోజుల్లో వీళ్ళంతా వెళ్ళిపోతారు. ఈ ఫోటో దేనికో వీళ్ళకి తెలుసు. తెలిసీ వచ్చి, గడ్డం గీసుకుని, కళ్ళు ఆర్పకుండా నిలబడుతున్నారు, ఇంట్లోవాళ్ళకి తర్వాత వెతుక్కునే కష్టం లేకుండా. ఇంత ధైర్యం నా కళ్ళ ముందు రోజూ వీధిలో తిరుగుతోందని నాకు తెలియలేదు. దిగాక మాత్రం మామూలే. లడ్డూ నోట్లో వేసుకుని ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే. నీ ఫోటో బరువుకి గోడ కూలిపోద్ది బావా అని ఒకడంటే, నీదెడితే ఇంట్లో బల్లులు కూడా ఉండవురా అని ఇంకొకడు.

వరస అయిపోయింది. నాన్న లేడు. కుటుంబం ఫోటో తీసేటప్పుడు కూర చాలదేమో చూసొస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. అమ్మ ఎవరితో మాట్లాడుతున్నా మెడ గుమ్మం వైపే తిరుగుతోంది. ఆ అమ్మాయి ఒక లైటు ఆర్పింది. అమ్మ ఖాళీ కుర్చీలు ఒకదాని మీద ఒకటి వేయడం మొదలుపెట్టింది. అది చూసేసరికి నా కోపం మళ్ళీ ముక్కు మీదికొచ్చింది. పెళ్ళికూతుర్నని కూడా మర్చిపోయి, కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని వంటల వైపు పరిగెత్తాను.

నాన్న గాడిపొయ్యి పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. అక్కడే కడిగేశాను. నీ బోటులో వాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు, నీకేం వచ్చింది, అమ్మ కూడా పెద్దమ్మలాగా ఇరవయ్యేళ్ళ కుర్రాడిని చూసుకుంటూ బతకాలా అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. తండ్రితో, అందులోనూ పెళ్ళిరోజున, అనాల్సిన మాట కాదు. నాన్న నా వైపు కూడా చూడలేదు. లేచి, చెంబుతో నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కున్నాడు. కండువాతో తుడుచుకుని నా ముందు నడిచాడు.

స్టేజి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అమ్మ చేతిలో కుర్చీ అలాగే ఉంది. మొదట నువ్వు ఎక్కు, నిన్ను తీశాక నేను ఎక్కుతాను అన్నాడు. అమ్మ విసుక్కుంది. నేనేమైనా సముద్రం మీదికి వెళ్తున్నానా, నాకెందుకు అంది. అప్పుడు నాన్న, అందరూ వింటున్నారని కూడా చూడకుండా అన్నాడు: “మాయమ్మ పోయినప్పుడు నాను ఏటలో ఉన్నాను. ఒచ్చీసరికి అంతా అయిపోనాది. ఒక్క ఫోటో కూడా నేదు. నలభై ఏళ్ళయిపోనాది... ఆవిడ ముఖం నాకు గేపకం రాదు ఇప్పుడు.”

ఆ మాట మేమెవరం అంతకు ముందు వినలేదు, అమ్మ కూడా. మా వీధిలో ఆడవాళ్ళందరూ మగవాళ్ళ ముఖాలు దాచుకుంటారు. ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా పోతారని, వచ్చేవాడికి ఏమీ మిగలదని ఎవరికీ తోచలేదు. అమ్మ కుర్చీ కింద పెట్టింది. పెద్దమ్మ వచ్చి అమ్మ ముఖం మీద చెమట తుడిచి, జుట్టు సర్దింది. ఆ అమ్మాయి ఆర్పిన లైటు మళ్ళీ వేసింది.

నాన్న మాట తప్పలేదు. తర్వాత ఆయనా నిలబడ్డాడు, నెరిసిన జుట్టుతో, తిన్నగా చూస్తూ. ఆ ఫోటో అమ్మ దగ్గర భద్రంగా ఉంది. ఆయన ఇప్పటికీ వేటకెళ్తున్నాడు, అమ్మ ఫోటో ప్లాస్టిక్ కవర్లో పెట్టి బోటులోకి పట్టుకెళ్తాడు. ఆ అమ్మాయి పొద్దున తీసినవి కూడా చాలా బాగా వచ్చాయి, నా ఫోన్లో అవే ఉంటాయి. కానీ నా పెళ్ళి అంటే నా కళ్ళకి కట్టేది అమ్మ స్టేజి ఎక్కిన ఆ రెండు నిమిషాలే.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అమ్మ కొంగు పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. నాన్న వచ్చి కెమెరా పక్కనే నిలబడి అమ్మ ముఖంలోకే చూస్తున్నాడు. అమ్మ కెమెరా వైపు చూసింది, తర్వాత నాన్న వైపు చూసింది. ఆ అమ్మాయి రెండు ఫోటోలూ తీసేసి, కెమెరా దించి, నా పక్కకి వచ్చి నిలబడింది. అయిపోయిందా, దిగిపోనా అని అమ్మ అడిగింది.

“ఉండు,” అన్నాడు నాన్న. “ఇంకా అవనేదు.”